అక్టోబరు గుమ్మాలు, నల్లని అందాలు



2024లో దీపావళి, హాలోవీన్ ఒకే రాత్రి వచ్చాయి. అక్టోబరు 31, గురువారం. టెక్సాస్‌లో డల్లాస్‌కు ఉత్తరాన ఉన్న ప్లేనో నగరంలో తెలుగు కుటుంబాలు ఆ సాయంత్రం లక్ష్మీపూజ ముగించి తలుపు తీస్తే, ఎదురుగా మంత్రగత్తె టోపీలు, గబ్బిలం రెక్కలు తగిలించుకున్న చుట్టుపక్కల పిల్లలు చాక్లెట్ల కోసం సంచులు పట్టుకుని నిలబడ్డారు. మెట్ల మీద ఒకపక్క ప్రమిదలు, ఇంకోపక్క కోరలు చెక్కిన గుమ్మడికాయ. పట్టుపావడా మీద నల్ల అంగీ కప్పుకుని పరుగెత్తిన ఆడపిల్లలకు ఇందులో వింతేమీ కనబడలేదు. వింతంతా పెద్దవాళ్లకే. "పండగపూట గుమ్మంలో పుర్రెలేమిటమ్మా, అశుభం కాదూ?" అని ఊరినుంచి వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ అడిగే మాట ప్రతి అక్టోబరులోనూ అక్కడి వంటిళ్లలో వినిపిస్తుంది.

ఆ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. పెద్దవాళ్లు పట్టించుకునే శుభాశుభాల వెనక ఇంటి మీద ప్రేమ ఉంటుంది. అయితే నలుపూ భయమూ మన గుమ్మంలోకి అమెరికా వచ్చాకే వచ్చాయనుకోవడం మాత్రం నిజం కాదు. తెలుగువాళ్ల చేతిపనుల్ని కాస్త దగ్గరగా చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది.

ముందు హాలోవీన్ అలంకరణల వెనకున్న గోథిక్ అభిరుచి గురించి నాలుగు మాటలు. పాడుబడ్డ కోట, కోసుగా లేచిన తోరణం, రంగుగాజు కిటికీ, నల్ల లేసు, కొవ్వొత్తి వెలుగు, మూలన ఎవరో ఉన్నారేమోనన్న అనుమానం. సాహిత్యంలోకి ఈ రుచి అడుగుపెట్టింది ఒక మనిషి సొంత ఇంటిని అలంకరించుకోవడం నుంచే. హొరేస్ వాల్‌పోల్ అనే ఇంగ్లీషు రచయిత లండన్ దగ్గర థేమ్స్ ఒడ్డున 1749లో ఒక చిన్న ఇల్లు కొన్నాడు. దానికి స్ట్రాబెర్రీ హిల్ అని పేరు పెట్టి, ఏళ్ల తరబడి మధ్యయుగపు మఠంలా మార్చుకుంటూ పోయాడు. వెస్ట్‌మినిస్టర్ అబేలో రాతిలో చెక్కిన పైకప్పు చూసి ముచ్చటపడి, తన ఇంట్లోనూ అలాంటిదే పెట్టించాడు. అయితే రాతితో కాదు, కాగితపు గుజ్జుతో! ఆ ఇంట్లో తనకొచ్చిన ఒక కలలోంచే 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో' పుట్టిందని ఆయనే ఉత్తరంలో రాసుకున్నాడు. 1764 చివర్లో వెలువడిన ఆ పుస్తకాన్నే మొదటి గోథిక్ నవలగా చెబుతారు. అంటే కథకంటే ముందు ఇల్లుంది, ఇంటికంటే ముందు కాగితాన్ని నానబెట్టి పిసికిన చేతులున్నాయి.

ఆ గోథిక్ కట్టడపు అందం కళ్లారా చూడాలంటే తెలుగువాళ్లకు ఇంగ్లండు ప్రయాణం అక్కర్లేదు, మెదక్ చాలు. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ కరువు రోజుల్లో జనానికి పనీ కూడూ దొరకాలని పూనుకుని కట్టించిన చర్చి అది. 1924 డిసెంబరు 25న తెరిచారు. శిఖరం 175 అడుగులు. లోపల రంగుగాజు కిటికీల్లోంచి ఎండ దిగి నేలమీద పడుతుంటే, ఏ మతంవాళ్లయినా ఒక్క క్షణం గొంతు తగ్గిస్తారు.

ఇక ప్లేనో సంగతి. 1873లో పట్టణంగా ఏర్పడిన ఊరు. నేల నల్లరేగడి, ఆ ప్రాంతాన్నంతా బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. ఒకప్పుడు అక్కడ పండిందీ పత్తే. గుంటూరు, ఆదిలాబాదు వైపు నుంచి వెళ్లినవాళ్లకు కాళ్లకంటుకునే ఆ మట్టి కొత్తేమీ కాదు. ఊళ్లో 1891లో కట్టిన ఒక పాత రైతు కుటుంబపు ఇల్లు ఇవాళ హెరిటేజ్ ఫామ్‌స్టెడ్ మ్యూజియంగా నిలబడి ఉంది. చెక్కతో చేసిన నగిషీలు, వసారా, ఏటవాలు కప్పులు, అచ్చమైన విక్టోరియా కాలపు ఇల్లు. అటు ఇంగ్లండులో విక్టోరియా రాణి 1861లో భర్త పోయిన నాటినుంచి 1901లో తాను కన్నుమూసేదాకా నల్లబట్టలే కట్టింది. ఆ కాలంలో పోయినవాళ్ల వెంట్రుకలతో లాకెట్లూ పూలదండలూ అల్లడం అమెరికాలో కూడా ఆడవాళ్ల ఇంటి చేతిపనుల్లో ఒకటి. దుఃఖాన్ని చేత్తో అల్లి గోడకు తగిలించుకున్నారు వాళ్లు.

ఇప్పటి హాలోవీన్‌లో ఆ చెయ్యి కనిపించడం తగ్గింది. హోమ్ డిపో 2020లో పన్నెండడుగుల ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని 299 డాలర్లకు అమ్మకానికి పెడితే దేశమంతా ఎగబడి కొన్నది. ప్లేనో వీధుల్లో ఇవాళ ఇంటి కప్పు దాకా లేచిన అస్థిపంజరాలు కనిపిస్తాయి, మోటారు తిరుగుతున్నంతసేపే నిలబడే గాలిదయ్యాలు కనిపిస్తాయి. పిల్లలకు అవి సరదా, కాదనడానికి లేదు. కానీ కొన్నదాన్ని నిలబెట్టడం వేరు, చేసినదాన్ని నిలబెట్టడం వేరు. భయపెట్టే బొమ్మను సొంతంగా చేసుకున్న పిల్లవాడికి దానిమీద భయం పోయి అధికారం వస్తుంది.

మన ఊళ్లలో కొత్త ఇల్లు కడుతుంటే ఏం చేస్తారు? బూడిద గుమ్మడికాయ మీద గుడ్లురిమే కళ్లు, పెద్ద మీసాలు, బయటికొచ్చిన కోరలు రంగులతో వేసి ముందుభాగంలో వేలాడదీస్తారు. చేలో నల్లకుండ బోర్లించి సున్నపు చుక్కలు పెడతారు. పూజగది మకరతోరణం నడినెత్తిన కోరలతో నోరు తెరిచిన సింహముఖం ఉంటుంది. దసరా బొమ్మల కొలువులో, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ శెట్టిగారూ కూర్చున్న మెట్ల మీదే, హిరణ్యకశిపుణ్ణి ఒళ్లో పెట్టుకుని పేగులు తీస్తున్న నరసింహుడుంటాడు. ఐదేళ్ల పిల్లలు ఆ బొమ్మను దులిపి మళ్లీ మెట్టు మీద పెడుతుంటారు, ఎవరూ బెదిరిపోరు. నలుపు అశుభమని నల్లచీర పెట్టడానికి వెనకాడే ఇళ్లలోనే ఆడవాళ్ల మెడలో అన్నిటికన్నా శుభమైనవి నల్లపూసలు. పసిబిడ్డ బుగ్గమీద పెట్టేదీ నల్లచుక్కే, ఆముదపు దీపం మసితో పట్టిన కాటుకతో. చెడును గుమ్మం దగ్గరే ఆపాలంటే దానికంటే భయంకరమైన ముఖాన్ని అక్కడ కాపలా పెట్టాలన్నది మన పాత లెక్క. ఐర్లండులో పల్లెవాళ్లు టర్నిప్ దుంపల్లో ముఖాలు చెక్కి లోపల దీపం పెట్టిందీ అందుకే. ఆ జనం అమెరికా వలస వచ్చాక దుంప పోయి గుమ్మడికాయ వచ్చింది.

అందుకని ప్లేనో తెలుగిల్లు హాలోవీన్‌కు ముస్తాబవ్వాలంటే దుకాణం కంటే ముందు చూడవలసింది శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ల వైపు. నలుపంటే ఏమిటో వాళ్లకు తెలిసినంతగా తెలిసినవాళ్లు తక్కువ.

శ్రీకాళహస్తి కలంకారీలో గీత మొదలయ్యేదే నలుపుతో. ఆ నలుపును కసిం అంటారు. తుప్పుపట్టిన ఇనుపముక్కలు, తాటిబెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు ఊరనిస్తారు. బుడగలొచ్చి పులుస్తుంది. వడకడితే దిగేది మట్టిరంగు నీళ్లు, చూస్తే ఇందులో నలుపెక్కడుందనిపిస్తుంది. మరోపక్క ముతక నూలుబట్టను కరక్కాయపొడి కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలో వగరు ఉంటుంది, పాలలోని వెన్న రంగును చెదరనివ్వదు. చింతపుల్లల బొగ్గుతో బొమ్మ తేలిగ్గా గీసుకుని, వెదురుపుల్లకు గుడ్డో ఉన్నో చుట్టి దారంతో బిగించిన కలాన్ని ఆ మట్టినీళ్లలో ముంచి, వేళ్లతో కొద్దికొద్దిగా నొక్కుతూ గీత లాగుతారు. నీళ్లు బట్టకు తగిలీ తగలగానే, కళ్లముందే, గీత నల్లబడుతుంది. మొదటిసారి చూసినవాళ్లకు అది మాయలాగే ఉంటుంది. ఇనుమూ వగరూ కలిస్తే పుట్టే నలుపది.

సరిగ్గా అదే రసాయనం మధ్యయుగపు ఐరోపా మఠాల్లోనూ నడిచింది. అక్కడి సన్యాసులు ఓక్ చెట్టుకు పట్టే బొడిపెలు దంచి, వగరు తీసి, ఇనుపలవణం కలిపి సిరా చేసేవారు. కోటశిఖరాల్లా కోసుదేరిన ఆ గోథిక్ అక్షరాలు రాసింది ఆ సిరాతోనే. కాళహస్తి గుడి వీధుల్లో రామాయణం రాసిన నలుపు, ఐరోపా మఠాల్లో బైబిలు రాసిన నలుపు ఒకే తల్లి బిడ్డలు. ఇది ప్లేనో ఇంట్లో పిల్లలకు చేసి చూపించదగ్గ పని. గుప్పెడు తుప్పుమేకులు, ఇండియన్ దుకాణంలో దొరికే తాటిబెల్లం, కరక్కాయపొడి. వీధికి రెండువైపులా ఓక్ చెట్లు ఎలాగూ ఉంటాయి. సెప్టెంబరు చివర్లో గరాజులో ఒక సీసా ఊరబెడితే హాలోవీన్ నాటికి నల్లగీతలు సిద్ధం. మూత బిగించకూడదు, గాలి తన్నుతుంది. వంటగిన్నెలు వాడకూడదు. చేతులకు తొడుగులుండాలి. కాస్త వాసన కూడా వస్తుంది, అది భరించాల్సిందే. ఆ నలుపుతో పాత తెల్ల దుప్పటి మీద గబ్బిలాలో, ఊడలమర్రో, తలకిందులుగా వేలాడే బేతాళుడో గీసి వసారాలో కట్టుకుంటే, గాలిదయ్యాల మధ్య ఆ ఇల్లు వేరుగా కనిపిస్తుంది.

బేతాళుడంటే చందమామ గుర్తొస్తుంది. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో 1950లలో చేరిన చిత్రకారుడు శంకర్, భుజాన శవంతో, చేత కత్తితో శ్మశానంలో నడిచిపోయే విక్రమార్కుణ్ణి తరతరాల తెలుగు పిల్లల మనసులో అచ్చుగుద్దాడు. ఎండిన చెట్లు, పుర్రెలు, నక్కలు, పొగమంచు, అన్నీ ఒక్క బొమ్మలో ఉండేవి. 1951లో పాతాళభైరవి సినిమాకు గోఖలే, కళాధర్ కళాదర్శకత్వంలో వేసిన గుహల సెట్లూ అదే కోవలోవి. గోథిక్ కావాలని వెతుక్కునే తెలుగువాళ్లకు సొంత బొమ్మల పెట్టె ఇంత నిండుగా ఉంది. దాన్ని తెరవకుండా డ్రాక్యులా ముసుగు కొనడం అనవసరపు బీదతనం.

రెండో పని వెలుగుది. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే ఊరుంది. తోలుబొమ్మలవాళ్ల ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును శుభ్రం చేసి, సాగదీసి ఆరబెడితే వెలుతురు దూరేంత పలచబడుతుంది. దానిమీద బొమ్మ గీసి, చిన్న చిన్న ఉలులతో నగల చోట చిల్లులు కొట్టి, రంగులు దిద్దుతారు. తెర వెనక దీపం పెట్టగానే ఆ చిల్లులే రావణుడి కిరీటానికి రత్నాలవుతాయి. ఆటలు తగ్గాక ఆ కుటుంబాలు అదే నేర్పుతో దీపాల గొట్టాలు, గోడబొమ్మలు చేయడం మొదలుపెట్టాయి. ఇంట్లో పెట్టుకోవడానికి ఇంతకంటే అందమైన గోథిక్ దీపం మరొకటి దొరకదు.

తోలు లేకపోతే నల్ల చార్టు కాగితం చాలు. వీధివైపు కిటికీ కొలతకు కాగితం కోసి, దానిమీద బొమ్మను పక్కవాటుగా గీయాలి. దూరం నుంచి గుర్తుపట్టేది ముక్కూ గడ్డమూ వేళ్లూ కాబట్టి ఎదురుముఖం పనికిరాదు. నగల చోట చిల్లులు చేసేటప్పుడు చిల్లుకూ చిల్లుకూ మధ్య వేలెడు కాగితం వదలాలి, లేకపోతే మూడోనాటికి బొమ్మ వాలిపోతుంది. వెనక ఎర్ర, పసుపు జిలుగు కాగితాలంటించి ఎల్‌ఈడీ దీపం పెట్టాలి. కాగితం దగ్గర కొవ్వొత్తి మాత్రం వద్దు, ఎంత అందంగా ఉన్నా సరే.

టెక్సాస్‌లో ఇలాంటి ఉలిపని చేసేవాళ్లు ఇంకొకరున్నారు, పక్కింటి మెక్సికన్ కుటుంబాలు. నవంబరు 1, 2 తేదీల్లో వాళ్లు పోయినవాళ్ల పండుగ చేసుకుంటారు. యునెస్కో 2008లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి తీసుకున్న పండుగ అది. పదుల కొద్దీ పలచని రంగుకాగితాలు దొంతరగా పెట్టి ఉలులతో పుర్రెలు, పూలు తొలిచి తోరణాలు కడతారు. ఇంట్లో మెట్లమెట్లుగా బల్ల అమర్చి, పెద్దల ఫొటోలు, వాళ్లకిష్టమైన వంటలు, దీపాలు, గుట్టలుగా బంతిపూలు పెడతారు. ఆ బల్ల చూసిన తెలుగువాళ్లకు ఒకేసారి బొమ్మల కొలువూ, పెద్దలకు బియ్యమిచ్చే మహాలయ పక్షమూ కళ్లముందు కదులుతాయి.

మన దగ్గరా ఇది పోయినవాళ్ల రుతువే కదా. మహాలయ అమావాస్యను తెలంగాణలో పెత్రమాస అంటారు. పొద్దున పెద్దలను తలుచుకుని, సాయంత్రానికి ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తారు. మరణించినవాళ్ల రోజునే బతుకు పేరున్న పండుగ మొదలవుతుంది. 2024లో అది అక్టోబరు 2న వచ్చింది. డల్లాస్ చుట్టుపక్కల తెలంగాణ పీపుల్స్ అసోసియేషన్ వంటి సంఘాలు పెద్ద మైదానాల్లో జరిపే బతుకమ్మకు వేలమంది వస్తారు. అక్కడ తంగేడు దొరకదు. గునుగుకు బదులు నర్సరీల్లో సెలోషియా పేరుతో అమ్మే దాని దగ్గరి చుట్టాన్ని తెస్తారు. బంతి, చామంతి, గులాబి ఎలాగూ ఉంటాయి. అయితే బతుకమ్మలో మనం మనవే అనుకునే బంతిపువ్వు పుట్టిల్లు మెక్సికో. తాంబాళంలో పరిచే ఆకు, గౌరమ్మగా నిలిపే పువ్వు ఇచ్చే గుమ్మడి కూడా అటునుంచి వచ్చిందే. మెక్సికోలోని ఒయహాకా గుహల్లో పదివేల ఏళ్ల నాటి గుమ్మడి గింజలు బయటపడ్డాయి. ఇవాళ ప్లేనో ఉన్న టెక్సాస్ నేల 1836 వరకు ఆ మెక్సికోలో భాగమే. సముద్రాలు దాటి తెలంగాణ చేరిన పూలను తెలుగు ఆడపడుచులు తిరిగి వాటి పుట్టింటి పక్కకే తెచ్చి పేరుస్తున్నారు.

అలంకారం వాకిట్లోకి వచ్చేసరికి ముగ్గుంటుంది. ప్లేనోలో కళ్లాపి చల్లే మట్టి వాకిలి ఉండదు, కారు దిగే సిమెంటు బాట ఉంటుంది. దానిమీద సుద్దముక్కలతో చుక్కలు పెట్టి వేసే ముగ్గు సాలెగూడుగా మారడానికి ఎంతో కష్టం అక్కర్లేదు. నడుమ చుక్క, చుట్టూ ఎనిమిది గీతలు, గీతకూ గీతకూ మధ్య లోపలికి వంగే మెలికలు. దీపావళి వెళ్లిన నాలుగో రోజున నాగులచవితి వస్తుంది గనక, సాలెగూటి చోట పాముల ముగ్గు వేస్తే రెండు పండుగలకూ చెల్లుతుంది.

చాలా కాలనీల్లో ఇంటి యజమానుల సంఘాల నిబంధనలుంటాయి. ఏ అలంకారం ఎప్పుడు పెట్టాలి, ఎన్నాళ్లకు తీసేయాలి అని కాగితం మీద రాసి ఉంటుంది, ముందే చదువుకోవడం మేలు. తలుపుమీదా గుమ్మంమీదా తమ మతవిశ్వాసానికి చెందిన వస్తువులు పెట్టుకునే హక్కును టెక్సాస్ చట్టం 2011లోనే గుర్తించింది, 2021లో దాన్ని మరింత విస్తరించింది. మామిడితోరణానికి ఎవరైనా అడ్డొస్తే ఈ సంగతి చెప్పొచ్చు.

ఇక గుమ్మడికాయలు. అక్టోబరులో డల్లాస్ ఆర్బొరేటమ్ తోటలో లక్షకు పైగా గుమ్మడి, సొర జాతుల కాయలతో ఇళ్లూ దారులూ కడతారు. పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లి చూపించాల్సిన చోటది. ఇంటికి తెచ్చుకునేవాళ్లు టెక్సాస్ ఎండను మరిచిపోకూడదు. అక్టోబరులోనూ మధ్యాహ్నాలు మండుతాయి. కాయను ముందే చెక్కితే కొద్దిరోజుల్లో నోరు లోపలికి ముడుచుకుని బూజు పడుతుంది. పండుగకు రెండు రోజుల ముందు చెక్కడం మంచిది. నెలంతా నిలవాలంటే చెక్కకుండా రంగులతో ముఖం వేయడమే దారి, మన దిష్టి గుమ్మడిలాగే. బూడిద గుమ్మడి దొరికితే ఇంకా నయం. పైనున్న తెల్లని బూడిదే దానికి కవచం, చేత్తో తుడిచేయకుండా ఉంటే నెలల తరబడి చెడదు.

చెక్కే రోజున లోపలి గింజలు పారేయొద్దు. కడిగి, ఆరబెట్టి, ఉప్పూకారం చల్లి వేయిస్తే పిల్లలు అక్కడికక్కడే ఖాళీ చేస్తారు. చెక్కడానికి అమ్మే పెద్ద కాయల్లో గుజ్జు నీరునీరుగా, చప్పగా ఉంటుంది. దప్పళంలోకి, బెల్లం పులుసులోకి 'పై పంప్‌కిన్' అని అమ్మే చిన్న కాయలు తెచ్చుకోవాలి. దీపం పెట్టి రాత్రంతా బయట ఉంచిన కాయ మాత్రం వంటకు పనికిరాదు. దాన్ని ముక్కలు చేసి పెరట్లో నల్లరేగడిలో పాతిపెడితే, లోపల మిగిలిపోయిన గింజల నుంచి వసంతంలో ఒకటో రెండో మొలకలు లేస్తాయి. ఆ తీగ సెప్టెంబరు దాకా నిలిస్తే, పెత్రమాస సాయంత్రం బతుకమ్మకు ఆకూ పువ్వూ పెరట్లోనే దొరుకుతాయి.